పది గంటల పచ్చ, నాలుగు గంటల పచ్చ

నేను బి.ఎస్సీ. ప్యాసయిన నాటికి కర్నూలు రాజధాని. మంత్రులకు కట్టడాలు దొరికాయి గానీ చాలా ఆఫీసులు గుడారాల్లోనే ఉండేవి. ఉద్యోగం అర్జీ చేతబట్టుకుని ఒక గుడారం నుంచి ఇంకో గుడారానికి నెలరోజులు తిరిగాను. గాలి వీస్తే ప్రభుత్వం కదిలేది, వీయకపోతే కదిలేది కాదు. చివరికి నా కాగితం ఏ గాలికి ఎగిరి సరైన బల్ల మీద పడిందో గానీ, కడపలో ఒక కాలేజీకి డెమాన్‌స్ట్రేటరుగా వేశారు. డెమాన్‌స్ట్రేటరంటే పిల్లల ముందు కప్పను కోసి చూపించేవాడు. మా అమ్మ ఊళ్ళో అందరికీ "మావాడు కాలేజీలో సారు" అని చెప్పుకునేది. కప్పల సంగతి ఆమెకు నేను చెప్పలేదు.

మా జువాలజీ లెక్చరరుది గోదావరి జిల్లా. నలభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కడప ఎండను ఎవరో పనిగట్టుకుని తనమీద వేసిన దావాలాగా చూసేవాడు. ఆయన దగ్గర చేరిన మొదటి రోజే నన్ను కాలేజీ వెనకాల తోటలోకి తీసుకెళ్ళి, వేపచెట్టు నీడన ఉన్న తేనెటీగల పెట్టె చూపించి, "ఇవి మన అసలు క్లాసు. లోపల ఉన్నది కాలక్షేపం" అన్నాడు.

ఆయన పరిశోధన ఏమిటంటే, తేనెటీగ నేర్చుకుంటుందా, నేర్చుకున్నది గుర్తుపెట్టుకుంటుందా, దాని కంటికి రంగులు ఎలా కనిపిస్తాయి, అని. సీమదేశాల్లో పెద్ద జాతి ఈగల మీద ఇలాంటి పని చేశారట. మన పుట్టల్లోనూ చెట్టు తొర్రల్లోనూ కాపురముండే చిన్న ఈగల సంగతి ఎవరూ తేల్చలేదట. అది తేల్చి మద్రాసుకు వ్యాసం పంపితే డాక్టరు పట్టం వస్తుంది. అంతకుముందు ఏడు ప్రయోగం సగంలో ఉండగా ఎండలు ముదిరి ఈగలన్నీ పెట్టె ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. అద్దె ఇల్లు నచ్చనివాళ్ళు కూడా అంతకంటే మర్యాదగా ఒక మాట చెప్పి పోతారు. గడువు అప్పటికే రెండుసార్లు పెంచారు. ఈ వేసవిలోగా వ్యాసం అందకపోతే పేరు కొట్టేస్తామని మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరాన్ని ఆయన ఎవరికీ చూపించలేదు. బల్ల మీద గాజుపలక కింద పెట్టుకున్నాడు, అందరికీ కనిపించేట్టు.

స్టాఫ్ రూములో ఆయనను ఆటపట్టించని రోజు లేదు. "ఏమండీ, మీ విద్యార్థులు ఎలా చదువుతున్నారు?" అని లెక్కల మాస్టారు అడిగేవాడు. "మార్కులు చెప్పలేను గానీ హాజరు మీవాళ్ళకంటే మెరుగండీ" అనేవాడు ఈయన. అది అబద్ధం కాదు.

పని పద్ధతి చాలా తేలిక. తోటలో ఒక బల్ల. దాని మీద అరచేయంత రంగు కాగితాలు, నీలం, ఎరుపు, పసుపుపచ్చ, ఆకుపచ్చ, రకరకాల బూడిద రంగులు. ప్రతి కాగితం మీద గాజుపలక, పలక మీద చిన్న గాజుపళ్ళెం. ఒక్క రంగు మీది పళ్ళెంలోనే చక్కెర నీళ్ళు, తతిమ్మావాటిలో ఉత్త నీళ్ళు. ఈగ ఆ చోటును కాకుండా రంగునే గుర్తుపట్టాలని రోజూ కాగితాల స్థానాలు మార్చేవాళ్ళం. వచ్చిన ఈగ వీపు మీద సన్న కుంచెతో ఒక రంగు చుక్క పెట్టేవాడు ఆయన. ఈగ తాగుతున్నంతసేపట్లో చుక్క పడేది, దానికి తెలిసేదే కాదు. పెళ్ళికూతురికి బుగ్గచుక్క పెట్టేవాళ్ళ చేతులు కూడా అంత నిలకడగా ఉండవు.

కొన్నాళ్ళు అలా మేపిన తర్వాత ఆదివారం పరీక్ష. ఆవేళ ఏ పళ్ళెంలోనూ చక్కెర ఉండదు. ఖాళీ పళ్ళేల మధ్య ఈగ ఏ రంగు మీద వాలి వెతుక్కుంటుందో చూస్తే, దానికి ఏం గుర్తుందో తెలుస్తుంది. మేత వేళలు రెండు, పొద్దున పదింటికి, సాయంత్రం నాలుగింటికి. నాలుగు రోజులు తిరిగేసరికి ఈగలు పదికి ఐదు నిమిషాల ముందే వచ్చి బల్ల మీద తిరగడం మొదలుపెట్టేవి. కాలేజీ గంట కొట్టే నౌకరు తన గడియారం కంటే వాటినే ఎక్కువ నమ్మేవాడని చెప్పుకునేవారు. నేను చూడలేదు గానీ నమ్మాను.

పొద్దున పదికి మా ఇద్దరికీ క్లాసులు. అందుకని పొద్దుటి మేత పని తోటమాలిది. ఆయన యాభై ఏళ్ళు దాటిన మనిషి, ఆదోని పక్క పల్లెనుంచి కాలేజీ గోడలు కట్టే కూలిపనికి వచ్చి, గోడలు లేచాక తోటలో కుదురుకున్నాడు. నేను ఆయనను చిన్నాయనా అని పిలిచేవాణ్ణి. చేనుగట్ల మీద తేనె తీసి తీసి ఈగల నడత మా పుస్తకాలకంటే బాగా తెలిసినవాడు. చదువు రాదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాడు. చక్కెర పళ్ళెం మీద వాలిన ప్రతి ఈగకూ ఒక చింతగింజ డబ్బాలో వేసేవాడు. మధ్యాహ్నం నేను వచ్చేసరికి కాగితాలన్నీ బిస్కెట్ల డబ్బాలో సర్దేసి ఉండేవాడు. నేను గింజలు లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. మా పరిశోధనలో అత్యంత నమ్మకమైన పరికరం ఆ చింతగింజలే.

చలికాలమంతా నీలం రంగుతో గడిచింది. చుట్టూ ధనియాల చేలు పూత మీద ఉండేవి, గాలి తిరిగితే తోటంతా ఆ వాసన. చేలల్లో అంత విందు ఉండగా ఈగలు మా పళ్ళేలకు రావడం వాటి మంచితనం. నీలం వాటికి బ్రహ్మాండంగా గుర్తుంది. ఇక రెండో రంగు, ఆకుపచ్చ. లెక్చరరు గారు నాతో స్పష్టంగా "రేపటినుంచి ఆకుపచ్చ మీద పెట్టమను" అన్నాడు. నేను వెళ్ళి తోటమాలితో, "చిన్నాయనా, రేపట్నుంచి పచ్చ పెట్టు" అన్నాను. ఆయన సరేనన్నాడు.

రెండు వారాలు మేపాం. పొద్దున తోటమాలి, సాయంత్రం నేను. రెండు ఆదివారాలు పరీక్ష పెట్టాం, పొద్దునా సాయంత్రమూ. ఆదివారం తోటమాలికి సెలవు కాబట్టి లెక్చరరు గారే కాగితాలు పరిచేవాడు. అన్నీ కలిపి కూడితే తేలిందేమిటంటే, ఈగలు సుమారు సగం ఆకుపచ్చ మీద, సగం పసుపుపచ్చ మీద వాలాయి. తక్కిన రంగుల జోలికి దాదాపు పోలేదు.

ఆయన ఆ పుటను రెండుసార్లు చదివాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన అలా చెయ్యి వేయడం అదే మొదలు. "చూశావటయ్యా, వీటి కంటికి రెండూ ఒకటే! ఆకుపచ్చకూ పసుపుకూ తేడా లేదు వీటికి" అన్నాడు. మద్రాసులో ఆయన పని చూసే ప్రొఫెసరు గారికి ఆ సాయంత్రమే ఉత్తరం వెళ్ళింది. రెండు వారాల్లో స్వయంగా వచ్చి చూస్తానని జవాబు వచ్చింది.

ఆ జవాబు వచ్చిన మర్నాడు మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పక్కజిల్లా వాళ్ళ మీద గెలిచింది. అంతకుముందు ఎప్పుడూ జరగని పని కావడంతో ఏం చేయాలో తోచక ప్రిన్సిపాలు సెలవిచ్చాడు. ఊరికే ఉండలేక పదింటికి తోటలోకి వెళ్ళాను. బల్ల చుట్టూ ఈగలు ముసురుకుని ఉన్నాయి. చక్కెర పళ్ళెం కింద ఉన్నది పసుపు కాగితం.

తోటమాలి డబ్బాలో గింజ వేస్తూ తలెత్తాడు. "ఏందప్పా, ఈ యాళప్పుడొచ్చినావు? పాఠాల్లేవా?"

"సెలవిచ్చినారు చిన్నాయనా. ఇదేంది, ఈ కాగితం పెట్టినావు?"

"ఏందంటే? పచ్చ కాగితం."

"పచ్చా?"

"నువ్వే గదప్పా పచ్చ పెట్టు అని చెప్తివి. నువ్వు చెప్పిందే చేస్తాండా."

"చిన్నాయనా, ఇది పసుపు."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "పసుపు పచ్చగా ఉండక నల్లగా ఉంటాదా?"

నేను బిస్కెట్ల డబ్బాలోంచి ఇంకో ఆకుపచ్చ కాగితం తీసి చూపించాను. "మరి ఇదేంది?"

"అది ఆకుపచ్చ. ఆకుపచ్చ అనింటే అదే పెట్టేవాణ్ణి. నువ్వు ఉత్త పచ్చ అన్యావు. ఉత్త పచ్చ ఇదే."

"ఎన్నాళ్ళ నుంచి పెడుతున్నావు ఇది?"

"నువ్వు చెప్పినప్పట్నుంచే. ఒక్కరోజన్నా తప్పినానా నేను?" గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. తప్పలేదు. అదే వచ్చిన చిక్కు.

నేనూ ఆ నేల మీద పుట్టినవాణ్ణే. మా అవ్వ బంతిపూలను పచ్చపూలనే అనేది. తెలియని మాట కాదు. కానీ కాలేజీలో నాలుగేళ్ళు ఇంగ్లీషులో చదివితే సొంత భాషలోంచి కొన్ని రంగులు రాలిపోతాయి. 'ఆకు' అనే రెండక్షరాలు పలకడానికి బద్ధకించి ఒక మనిషి రెండేళ్ళ కష్టాన్ని మట్టిలో కలిపాను. పొద్దున పసుపు మీద, సాయంత్రం ఆకుపచ్చ మీద మేపిన ఈగలు రెండింటి మీదా సగం సగం వాలక ఏం చేస్తాయి? వాటికి రెండూ ఒకటని కాదు. రెండింటిలోనూ అన్నం పెట్టాం.

సైకిలు తీసుకుని స్టేషను దగ్గర కాఫీ హోటలుకు పోయాను. ఒక కాఫీ తాగాను, ఇంకోటి తాగాను. ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తోటమాలికి తాను చేసింది తప్పని తెలియదు, లెక్చరరు గారికి పొద్దుటి పూట ఏం జరిగిందో తెలియదు. రేపట్నుంచి 'ఆకుపచ్చ' అని ఒక్క మాట సరిగ్గా అంటే చాలు, ఆయన డాక్టరవుతాడు, నేను ఆయన శిష్యుణ్ణవుతాను, ఈగలు నోరెత్తవు. రెండో కాఫీ అయ్యేదాకా ఈ ఆలోచన నాకు బాగానే నచ్చింది. అయితే ఆయన ఆ చెయ్యి భుజం మీద వేసి ఉండకపోతే బాగుండేది.

నేను వెళ్ళేసరికి లెక్చరరు గారు ఇంటి అరుగు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. చెప్పాను. హాస్యం కలిపి చెబుదామని దారంతా మాటలు అల్లుకుంటూ వచ్చాను గానీ ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

"ఎన్ని రోజులు?" అన్నాడు.

"రెండు వారాలూనండి. పొద్దుటి పూట మాత్రమే."

కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడిచాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. చెప్పులు వేసుకుని నా వెంట నడిచి తోటకు వచ్చాడు. తోటమాలిని పంపించేస్తాడేమోనని నా భయం. దారిలో రెండుసార్లు "తప్పు నాదండీ" అన్నాను. "అది ఇందాకే చెప్పావు" అన్నాడు.

తోటలో ఆయన రెండు కాగితాలూ రెండు చేతుల్లో పట్టుకుని తోటమాలి ముందు నిలబడ్డాడు. "ఏమయ్యా, వీటిలో పచ్చ ఏది?"

తోటమాలి తడుముకోకుండా పసుపును చూపించాడు.

"అది పసుపు కదా?"

"పచ్చ అంటే అదే గద సామీ. కామెర్లొస్తే కండ్లు పచ్చబడినాయంటారు. ఆకుల మాదిరి అయితాయా కండ్లు?"

"అవి పచ్చకామెర్లు" అని ఆయన అలవాటుగా సరిదిద్దబోయి, తన మాటే తన చెవిన పడి ఆగిపోయాడు.

తోటమాలి వదల్లేదు. "పిల్లను చూడ్డానికి పొయ్యొచ్చి, పిల్ల పచ్చగా ఉండాది అంటారు. అట్లంటే చిలక మాదిరి ఉండాదనా?"

లెక్చరరు గారు నావైపు తిరిగాడు. "మా మేనత్త పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చి నాతో అన్న మాట అదేనయ్యా. పచ్చగా, దబ్బపండులా ఉంటుందని."

"మల్ల తీరా చూస్తే అమ్మగారు ఆకుపచ్చగా ల్యాకపాయ గదా సామీ?" అన్నాడు తోటమాలి, ఎంతో శ్రద్ధగా.

ఆయన నవ్వాడు. పెద్దగానే నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ బల్ల అంచు మీద కూర్చున్నాడు. కాసేపటికి ఆ నవ్వు అయిపోయింది. అప్పుడు మేము ముగ్గురం ఈగలను చూస్తూ ఉండిపోయాం. తప్పొప్పులతో పనిలేకుండా అవి పసుపు మీద తాగుతున్నాయి.

"ప్రొఫెసరు గారికి రావద్దని తంతి ఇచ్చేస్తాను" అని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున నేను కాలేజీకి పోయేసరికి ఆయన ప్రయోగశాల ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో నోటుపుస్తకం. ఇంటికి పోయి తంతి రాయడానికి కూర్చుని, అది రాయకుండా ఆదివారం పరీక్షల పుటలు మళ్ళీ తిరగేశాడట. "మనం అన్నీ కలిపి కూడాం. కూడకుండా చూడు" అన్నాడు.

చూశాను. పొద్దున పదింటి పరీక్షల్లో వాలినవి చాలామట్టుకు పసుపు మీద. సాయంత్రం నాలుగింటి పరీక్షల్లో వాలినవి చాలామట్టుకు ఆకుపచ్చ మీద. రెండూ కలిపి కూడితే సగం సగం. కూడకపోతే సగం కాదు. పొద్దున ఏ రంగులో తిండి ఉంటుందో, సాయంత్రం ఏ రంగులో ఉంటుందో అవి విడివిడిగా గుర్తుపెట్టుకున్నాయి. రంగులు రెండూ వాటికి ఒకటి కావు సరిగదా, దేని వేళ దానికి ఉంది.

"నేను అడగని ప్రశ్నకు ఇవి జవాబు రాశాయి. దీన్ని నిలబెట్టగలిగితే ఆ మొదటిదానికంటే ఇదే పెద్దది. నిలబడకపోతే వేసవికి మన కథ సరి. పెట్టె ఎన్నాళ్ళుంటుంది?" అన్నాడాయన. చివరి ప్రశ్న తోటమాలికి.

తోటమాలి వేపచెట్టు పైకీ, ఎండలోకీ, పెట్టె వాకిలి వైపుకూ చూశాడు. "ధనియాలు కోసేసినారు. పూత యాడా ల్యా. ఎండలు చూస్తే అట్లుండాయి. పది దినాలుంటే శానా."

పది రోజులూ ఆ తప్పునే ఈసారి బుద్ధిపూర్వకంగా చేశాం. అంతకుముందు పొరపాటున చేసినంత పద్ధతిగా చేయడం చాలా కష్టమైంది. మాటలతో ఇక లాభం లేదని తోటమాలే ఒక ఉపాయం చెప్పాడు. పసుపు కాగితం పెట్టే కవరు మీద ఒక బంతిపువ్వు, రెండోదాని మీద ఒక వేపాకు అతికించాడు. మూడో రోజు పొద్దున వచ్చి, "అప్పా, ఆకు పచ్చబడింది. ఇప్పుడిది ఏ పచ్చ?" అన్నాడు. అది ఎండి పసుపు రంగుకు తిరిగింది. ఆనాటినుంచి రోజూ కొత్త ఆకు అతికించాం.

పెట్టె మీద తడిపిన గోనెపట్టాలు కప్పేవాళ్ళం. చీమలు ఎక్కకుండా దాని కాళ్ళ కింద పెట్టిన నీళ్ళ డబ్బాలు ఎండకు గంటకోసారి ఆవిరైపోయేవి. లెక్చరరు గారు పాఠం మధ్యలో కిటికీలోంచి తోటవైపు చూసి, నోట్లో మాట నోట్లోనే వదిలేసేవాడు. లెక్కల మాస్టారు కూడా అటువైపుగా పోతూ ఒకరోజు డబ్బాలో నీళ్ళు పోయడం నా కంట పడింది. ఎవరితోనూ చెప్పవద్దన్నాడు. ఇన్నేళ్ళూ చెప్పలేదు.

ప్రొఫెసరు గారు వస్తానన్న రోజు వచ్చింది. మద్రాసు రైలుకు నేనూ లెక్చరరు గారూ స్టేషనుకు పోయాం. ఆయన దిగలేదు. బదులు తంతి దిగింది. దారిలో తిరుపతి కొండకు వెళ్తున్నానని, ఎల్లుండి వస్తానని.

"ఏడుకొండలవాడికి ఎండాకాలం లేదు. మన పెట్టెకు ఉంది" అన్నాను.

"పరీక్ష ఆపలేం. ఇవాళే పెడదాం" అన్నాడాయన.

పదింటికి ఒక్క పళ్ళెంలోనూ చక్కెర లేకుండా, కాగితాల స్థానాలు మార్చి పరిచాం. కాగితాలు పరిచింది లెక్చరరు గారు, గింజలు వేసింది తోటమాలి. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు. ఏ డబ్బా ఏ రంగుదో నేను రాసుకున్నాను. ఎర్రచుక్క ఈగ మొదట వచ్చింది. నీలం మీదుగా పోయింది, ఆకుపచ్చ మీద ఒక చుట్టు తిరిగింది, పసుపు మీద వాలింది. దాని వెనకాలే తక్కినవి. నాలుగింటికి మళ్ళీ పరిచాం. అదే ఎర్రచుక్క, అదే బల్ల. పసుపు వైపు చూడనైనా లేదు. నేరుగా ఆకుపచ్చ మీద వాలి, ఖాళీ పళ్ళెంలో నాలుక చాపుకుంటూ గుండ్రంగా తిరిగింది. లెక్చరరు గారు ఉండబట్టలేక, పరీక్ష అయిపోయిన క్షణాన దానికి ఒక చుక్క చక్కెర నీళ్ళు పోశాడు. ఆయన వ్యాసంలో రాయని పని అదొక్కటే.

మర్నాడు మధ్యాహ్నం పెట్టెలోంచి వాన చినుకులు పడుతున్నట్టు చప్పుడైంది. మేం పరుగెత్తుకొచ్చేసరికి ఈగలన్నీ బయటికొచ్చి వేపచెట్టు పైన మబ్బులా తిరుగుతున్నాయి. తోటమాలి నీళ్ళు చల్లాడు, మన్ను చల్లాడు. ఆ మబ్బు ఒకసారి ముడుచుకుని, సాగి, కొండల వైపు పోయింది. లెక్చరరు గారు చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని కనిపించినంత దూరం చూశాడు. "నిన్ననే పెట్టాం, మంచిదైంది" అని తర్వాత ఎప్పుడో అన్నాడు.

ఆ మర్నాడు ప్రొఫెసరు గారు దిగారు. నున్నటి గుండు, దాని మీద చందనం, చేతిలో లడ్డూల పొట్లం. అందరికీ తలా ఒక లడ్డూ ఇచ్చి, "ఈగలెక్కడ?" అన్నారు. ఖాళీ పెట్టె చూపించాం. లడ్డూ నోట్లో ఉండడం వల్ల నేను మాట్లాడకుండా బయటపడ్డాను.

లెక్చరరు గారు మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. నా పేరు వచ్చిన చోట గొంతు తగ్గించలేదు, పెంచనూ లేదు. ప్రొఫెసరు గారు అరవాయన, తెలుగు మద్రాసులో పనికొచ్చేంత వచ్చు. అంతా విని, "పచ్చై అంటే పచ్చైయే గదా? పసుపును మేము మంజళ్ అంటాం. దీంట్లో తికమక ఏముంది?" అన్నారు.

"వాళ్ళ ఊర్లో కామెర్లు రావేమో" అని తోటమాలి నా చెవిలో అన్నాడు.

ప్రొఫెసరు గారు నోటుపుస్తకం ఒక్కో పుటా తిప్పి చూశారు. లెక్చరరు గారి చేతులు, ఈగల వీపుల మీద చుక్కలు పెట్టిన ఆ చేతులు, కుర్చీ వెనకాల ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పుస్తకం మూసి ప్రొఫెసరు గారు నెమ్మదిగా అన్నారు. "పరీక్ష మీరు చూశారు, నేను చూడలేదు. అది ఒప్పుకుంటాను. కానీ మొదటి రెండు వారాల పొద్దుటి మేత ఎవరూ చూడలేదు. ఇతనొక్కడే ఉన్నాడు. చదువు రాదు. ఏదో ఒకరోజు మర్చిపోయి ఆ రెండో కాగితం పెట్టి ఉండడని ఏం నమ్మకం? అది తేలకపోతే ఇది నిలబడదు."

దానికి జవాబు పుస్తకంలో లేదు. ఆ మాట అర్థమైన తోటమాలి తలగుడ్డ సర్దుకుని ముందుకొచ్చాడు.

"సామీ, ఒక మాట. నేను దినానికొక రంగు పెట్టింటే ఈగలకు పదింటి రంగు ఇదీ అని ఎట్ల తెలుస్తాది? అవి మర్చిపోలేదు గదా?"

"మర్చిపోలేదు" అన్నారు ప్రొఫెసరు గారు.

"అవి మర్చిపోలేదంటే నేనూ మర్చిపోలేదనే గద సామీ."

ప్రొఫెసరు గారు గుండు మీద చెయ్యి పెట్టుకున్నారు. అక్కడ జుట్టు లేదన్న సంగతి ఆయనకు ఇంకా అలవాటు కాలేదు. లెక్చరరు గారి వైపు చూశారు, తోటమాలి వైపు చూశారు, మళ్ళీ పుస్తకం తెరిచారు. చివరికి, "ఇప్పుడు ఇతనన్నది ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో రాయండి. తప్పు ఎలా జరిగిందో కూడా దాచకుండా రాయండి. ఆ రెండూ ఉంటే నేను సంతకం పెడతాను" అన్నారు.

వ్యాసం గడువుకు రెండు రోజుల ముందు పోస్టులో పడింది. పట్టం మరుసటి చలికాలంలో వచ్చింది. లెక్కల మాస్టారు స్టాఫ్ రూములో అందరికీ టీ ఇప్పించాడు. కొన్నాళ్ళకు లెక్చరరు గారికి గోదావరి వైపే బదిలీ అయింది, నేను కర్నూలు చేరాను, అప్పటికి రాజధాని అక్కడినుంచి వెళ్ళిపోయి గుడారాలు పీకేసిన చోట గుంజల గుంటలు మిగిలాయి. ఇవన్నీ జరిగాయని తెలుసు గానీ, కళ్ళు మూసుకుంటే కనిపించేది ఇవి కావు. ఆ ఒక్క పేరా రాసిన మధ్యాహ్నం.

వేపచెట్టు కింద, ఖాళీ పెట్టె పక్కన, ఆ ప్రయోగాల బల్ల మీదే టైపు మిషను పెట్టుకుని కూర్చున్నాను. లెక్చరరు గారు చెబుతుంటే కొడుతున్నాను. 'సహాయకుని అశ్రద్ధవల్ల' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్కతో మొదలుపెట్టాడు. కొట్టాను. "అది కొట్టెయ్" అన్నాడు. "నిజమే కదండీ" అన్నాను. "నిజమే. కానీ చాలదు" అన్నాడు. నాలుగు కాగితాలు పాడయ్యాక, ఈ ప్రాంతపు భాషలో ఒకే మాట రెండు రంగులకు చెల్లుతుందనీ, ఆ మాటను విన్నవాడు సరిగ్గానే విన్నాడనీ, ప్రతిరోజూ తప్పకుండా పాటించాడనీ, దానికి ఈగలే సాక్ష్యమనీ రాయించాడు. ఇంగ్లీషులో చాలా దర్జాగా ఉంది. నేను మటుకు అందులో ఎక్కడా లేను. అంతకంటే మర్యాదగా నన్ను ఎవరూ తిట్టలేదు.

గోనెపట్టాలు మడత పెడుతున్న తోటమాలి దగ్గరికొచ్చాడు. "నా మాట రాసినారంట గదా. ఏం రాసినారో చదువప్పా, వింటా."

"తెలుగులో చెప్పు అతనికి" అన్నాడు లెక్చరరు గారు.

మొదలుపెట్టాను. పొద్దున పదింటికి తోటమాలి, అన్నాను. బల్ల మీద, అన్నాను. రంగు దగ్గరికొచ్చేసరికి నా నోరు ఆగిపోయింది. ఇద్దరూ నావైపే చూస్తున్నారు, లెక్చరరు గారి మీసం కింద నవ్వు కదులుతోంది. నేను లేచి, బిస్కెట్ల డబ్బా తెరిచి, రెండు కాగితాలూ తీసి, ముందు పసుపుదీ, తర్వాత రెండోదీ తోటమాలి చేతికిస్తూ, "పదింటికి ఇది పెట్టినావు. నాలుగింటికి నేను ఇది పెట్టినాను" అన్నాను.

తోటమాలి రెండింటినీ ఎండలోకి పట్టి చూసి, తల ఊపాడు. "ఇప్పుడు చెప్పినావప్పా తెలుగులో" అన్నాడు.